బాణం ముందా, కబురు ముందా?

విజయనగరం కోట దగ్గరి ఓ ఇంట్లో అక్కాతమ్ముళ్ల మధ్య నడిచిన వాదం ఇది. ఇద్దరూ ఒకే జట్టులో వాలొరెంట్ అనే తుపాకుల వీడియో గేమ్ ఆడతారు. 2020 జూన్‌లో వచ్చిన ఈ ఆటలో అయిదుగురి మీద అయిదుగురు. ఒక జట్టు స్పైక్ అనే బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. 13 రౌండ్లు ముందు గెలిచినవాళ్లదే మ్యాచ్. అక్క ఆడేది సోవా, విల్లుతో వేగు చూసే పాత్ర. తమ్ముడు జెట్ అనే పాత్రతో అందరికంటే ముందు సైట్‌లోకి, అంటే బాంబు పెట్టే చోటికి, దూకుతాడు. అక్క చూపు మీద తమ్ముడి ప్రాణం ఆధారపడి ఉంది కాబట్టి మాటల్లో వేడి ఎక్కువే. సోవాలో ఆరితేరడమంటే లైనప్‌లు (ఎక్కడ నిలబడి ఎటు గురిపెడితే బాణం ఎక్కడ పడుతుందో ముందే కట్టుకున్న లెక్కలు) బట్టీ కొట్టడమేనా అన్నది ప్రశ్న. అక్కడక్కడ నాకు తోచింది బ్రాకెట్లలో రాశాను.

తమ్ముడు: ముందే చెప్పేస్తన్నానక్కా. యాసెంట్ మ్యాప్‌లో నీకు రాని లైనప్ లేదు. ఏ మూల నిలబడాలో, గోడమీద ఏ మచ్చకి గురిపెట్టాలో, తెర మీద ఎన్ని బార్లు నిండేదాకా విల్లు లాగాలో, ఎన్ని బౌన్సులు పెట్టాలో అన్నీ నోటికొచ్చు. అయినా ఎ మెయిన్ దారిలోంచి సైట్‌లోకి దూకిన ప్రతిసారీ ముందు చచ్చేది నేనే. మరి ఆ బట్టీ అంతా ఏటికి?

అక్క: ఏటికో చెప్తాను, విను. రీకాన్ బోల్ట్, అదే నా వేగు బాణం, గోడకి గుచ్చుకున్నాక దానికి ఎదురుగా ఉన్నోళ్లనే ఎర్ర బొమ్మల్లా చూపిస్తాది. పెట్టె వెనకాతల నక్కినోడు దానికి కనబడడు. అదే బాణం కాస్త ఎత్తులో గుచ్చుకుంటే పెట్టె వెనక కూడా చూస్తాది. చెయ్యి కొంచెం వంకర పోయిందా, గోడనే చూసి ఊరుకుంటాది. అప్పుడు "ఎవడూ లేడు" అని నేనంటే నువ్వు నమ్మి దూకుతావు. తప్పుడు చోట గుచ్చుకున్న బాణం అబద్ధం చెప్తాది రా! అసలు బాణం వెయ్యకపోవడం కన్నా అదే పెద్ద ప్రమాదం. అందుకే బట్టీ.

(ఈ మాట కొత్తగా సోవా పట్టుకున్న ప్రతి ఒక్కరూ రాసి పెట్టుకోవాలి. తెర మీద ఎర్ర బొమ్మ కనబడనంత మాత్రాన ఆ చోటు ఖాళీ అని కాదు. బాణానికి ఏ మూల కనబడదో తెలిసినవాడే దాని చూపును నమ్మాలి.)

తమ్ముడు: సరే, మంచి చోటే గుచ్చుకుంది. కానీ ఆ చోటు నీకొక్కదానికే తెలుసా? అవతలోళ్లూ అవే వీడియోలు చూసి వచ్చారు. మూడో రౌండుకల్లా నీ బాణం ఎక్కడ పడతాదో వాళ్లకి తెలిసిపోతంది. పడీ పడకముందే కాల్చి విరగ్గొట్టేస్తన్నారు. నాకు కబురు లేదు, నీకు బాణం లేదు.

అక్క: విరగ్గొట్టడం కూడా కబురే కదా! బాణాన్ని కాల్చినోడు ఆ క్షణంలో నిన్ను చూడటం లేదు. తుపాకీ పైకెత్తి ఉంటాడు. కాల్పు ఏ పక్కనుంచి వినబడిందో అక్కడే ఉన్నాడు. దూకడానికి అంతకన్నా మంచి అదను ఏటుంది? నువ్వేమో ఎర్ర బొమ్మ కనబడేదాకా మెయిన్‌లో అడుగు కదపవు.

తమ్ముడు: అదే నేనూ అంటన్నాను! విరగ్గొట్టాడని, ఏ పక్కనుంచి కాల్చాడని నువ్వు నోరు తెరిచి చెప్పాలి కదా. చెప్పవు. ఎందుకంటే అప్పటికే రెండో లైనప్‌కి గోడమీద మచ్చ వెతుక్కుంటావు. బాణం నీ చేతిలో ఉంది, కబురు నీ బుర్రలో ఉంది, దూకేది మాత్రం నేను. బొబ్బిలి సంగతి మర్చిపోయావా? 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు కోట మీద పడితే తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. కబురు అందేసరికి కోటే పోయింది. చూసినోళ్లు ఉన్నా, చెప్పాల్సినోడికి చెప్పాల్సిన గడియలో అందకపోతే ఆ చూపు ఎందుకూ కొరగాదు.

(విజయనగరంలో పుట్టినోళ్లు బొబ్బిలి మాట ఎత్తితే గొంతు దానంతటదే తగ్గుతుంది. బుస్సీ పక్కన నిలిచింది మన విజయరామరాజే కదా. తమ్ముడి గొంతూ తగ్గింది. అయినా ఆ రోజు జరిగిన వాదంలో బలంగా తగిలిన దెబ్బ ఇదే అని నా అభిప్రాయం.)

అక్క: ఆ మాట తీసుకుంటాను. కానీ నోరు ఎప్పుడు పెగులుతాదో కూడా ఆలోచించు. చేతికి పని అలవాటైతేనే నోటికి తీరిక. ఎన్ని బార్లు, ఎన్ని బౌన్సులు అని లెక్కెట్టుకుంటూ నిలబడినోడు ఏం మాట్లాడతాడు? కస్టమ్ మ్యాచ్ పెట్టి, చీట్స్ ఆన్ చేసి, ఎబిలిటీలు అయిపోకుండా చేసుకుని ఒక్కటే బాణం వేస్తా కూర్చునేది ఇందుకే. అది చేతికి వచ్చేస్తే బాణం గాల్లో ఉండగానే నీకు చెప్పగలను, "పడతంది, పద" అని. బట్టీ వద్దంటే నా నోరు ఇంకా మూతపడతాది.

తమ్ముడు: అలగైతే సోవాకున్న ఆ ఎగిరే డ్రోన్ వదులు. ఔల్ డ్రోన్ నాతో పాటే ముందుకెళ్తాది, మూలమూలా తొంగిచూస్తాది, కనబడినోడికి డార్ట్ కొట్టి గుర్తు పెడతాది. దానికి గోడమీద మచ్చలక్కర్లేదు.

అక్క: డ్రోన్ నడిపినంతసేపూ నా ఒళ్లు కదలదు, నా చూపు అక్కడుండదు. వెనకనుంచి ఎవడైనా వస్తే నేను గాలికి వదిలేసిన బొమ్మనే. పైగా అది కొనాలంటే ఆటలో డబ్బు 400 క్రెడిట్లు. పిస్టల్ రౌండులో మన చేతిలో ఉండేదే 800. బాణం అలగ కాదు, డబ్బక్కర్లేదు, వేసేశాక కాసేపటికి మళ్లీ వస్తాది. నీ వెనక ఒకడు నాకు కాపలా ఉంటానంటే డ్రోన్ వదుల్తాను. ఎవడుంటాడు? అందరికీ ముందుకే ఉరకాలి.

తమ్ముడు: కాపలా పెట్టిస్తాను. అది నా మాట.

అక్క: ఇంకోటి. మన నెట్ ముంబై సర్వర్ దాకా పోయి రావాలి. ఎదురెదురుగా కాల్పులకి దిగితే అక్కడ పక్కనే ఉన్నోడికి ఉన్న సదుపాయం మనకి లేదు. అవతలోడు ఏ మూల ఉన్నాడో నీకు ముందే తెలిస్తే గురి అక్కడే పెట్టుకుని తిరుగుతావు, ఆ లోటు కొంత పూడతాది. మన పక్క ఆడే గుంటలకి స్కౌట్ విలువ ఇంకా ఎక్కువ. నువ్వు తుపాకీ, తుపాకీ అంటావు గానీ.

(నిజం. ఇక్కడి జట్లు అందరూ జెట్టే కావాలని కొట్టుకోవడం మానేసి, ఒకరు మనస్ఫూర్తిగా వేగు పని నేర్చుకుంటే బాగుపడతాయి.)

తమ్ముడు: అది కాదననక్కా. స్పైక్ పెట్టాక నువ్వు చేసే పని దగ్గరే నా గొడవ. సైట్ పట్టుకోవాల్సిన చోట నువ్వు ఎక్కడో దూరంగా గోడ పక్కకెళ్లి ఆకాశానికి విల్లు ఎక్కుపెట్టి కూర్చుంటావు. సైట్ దగ్గర మేం ఒకరు తక్కువ.

అక్క: లెక్క చూడు. స్పైక్ పేలడానికి 45 సెకన్లు. దాన్ని ఆపి తియ్యడానికి అవతలోడు 7 సెకన్లు ఒకే చోట కదలకుండా ఉండాలి. నా దగ్గర షాక్ బోల్టులని పేలే బాణాలు రెండుంటాయి. ఒకటి నట్టనడుమ పడితే 75 దెబ్బ. రెండూ పడితే 150. నిండు ప్రాణం 100, పెద్ద కవచం 50. సరిగ్గా సరిపోయింది. వాడు తుపాకీ ఎత్తకముందే పోతాడు. నా ప్రాణానికీ ముప్పు లేదు.

తమ్ముడు: వాడు తియ్యడం మొదలెట్టి వెంటనే వదిలేస్తాడు, అది చెప్పవే? చప్పుడు వినగానే నువ్వు రెండు బాణాలూ వదిలేస్తావు. వాడు పక్కకి తప్పుకుని, బాణాలు అయిపోయాయని తెలిసి, తీరిగ్గా వచ్చి తీసుకుంటాడు. సగం తీసి వదిలేస్తే ఆ సగం అలగే నిలిచిపోతాది కూడా. మిగతా మూడున్నర సెకన్లు చాలు వాడికి. అదే నువ్వు దగ్గర్లో ఉంటే, తలెత్తి చూస్తే వాడు తియ్యడం నిజమో దొంగ చప్పుడో తెలుస్తాది.

అక్క: ...చప్పుడు ఆగకుండా వినబడితేనే వదలాలి. తొందరపడకూడదు. ముందు రెండూ ఒకేసారి కాకుండా, ఒకటి వేసి ఒకటి దాచుకోవాలి. వాడు అప్పటికే దెబ్బ తిని ఉంటే ఒక్కటే చాలు.

తమ్ముడు: దెబ్బ తిన్నాడో లేదో నీకెవరు చెప్పాలి?

అక్క: మీరు. సైట్ దగ్గర పోయినోళ్లు పోతా పోతా చెప్పాలి. "ఒకడికి సగం ప్రాణమే ఉంది, జనరేటర్ వెనక" అని. మీరూ చెప్పరు కదా! పోయిన కోపంలో మైకు మూసేస్తారు. కబురు ఒక్క పక్కనుంచే రావాలని రూలేటి?

(ఇక్కడ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. వేగు అనేది ఒక్కరి ఉద్యోగం కాదని అక్క అన్న మాటలో చాలా బలం ఉంది.)

తమ్ముడు: సరే, అది మా లోపమే. కానీ మ్యాప్‌ల సంగతి చెప్పు. ర్యాంక్‌లో ఒకసారికి ఏడే మ్యాప్‌లు తిరుగుతాయి, కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. స్ప్లిట్, బైండ్, బ్రీజ్ ఇవన్నీ మార్చారు. నువ్వు నేర్చుకున్న గోడే లేకుండా పోతే?

అక్క: గోడ పోతాది. చేతిలో ఉన్న లెక్క పోదు. సగం లాగితే బాణం ఎంత దూరం పోతాది, నిండా లాగితే ఎంత పోతాది, బౌన్స్ పెడితే ఏ కోణంలో తిరుగుతాది, ఇదంతా ఒంట్లోకి ఎక్కితే కొత్త మ్యాప్‌లో కూడా కంటితో చూసి వెయ్యగలను. లైనప్‌లు నేర్చుకునేది అవే ఎప్పుడూ వెయ్యడానికి కాదు, ఆ చెయ్యి తిరగడానికి.

తమ్ముడు: అయితే మ్యాప్‌కి మూడే నేర్చుకో. దాడికి ఒకటి, కాపలాకి ఒకటి, పోయిన సైట్ తిరిగి పట్టుకోడానికి ఒకటి. మిగతా సమయం నాతో కలిసి దూకడం సాధన చెయ్యి.

అక్క: స్పైక్ పెట్టాక వేసేది నాలుగోది. అది వదలను.

తమ్ముడు: నేను సైట్‌లో బతికుంటే మాత్రం నువ్వు దగ్గర్లోనే ఉండాలి. నేను పోతే నీ ఇష్టం.

అక్క: ఒప్పుకున్నాను. హంటర్స్ ఫ్యూరీ మాత్రం నాకు వదిలెయ్. గోడల్లోంచి పోయే ఆ మూడు బాణాలు ఎప్పుడు వెయ్యాలో నేనే చూసుకుంటాను.

తమ్ముడు: అది నీదే. కానీ నేను దూకేముందు నాకు చెప్పాల్సినవి మూడే. ఎక్కడ, ఎంతమంది, పద లేదా ఆగు. అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. చెవిలో పాట పాడినట్టు చెప్తే నాకు అడుగుల చప్పుడు వినబడదు.

అక్క: సరే. మరి బాణం విరిగినప్పుడు కూడా నువ్వు దూకాలి.

తమ్ముడు: విరిచినోడు ఏ పక్కనున్నాడో చెప్పు, దూకుతాను.

అక్క: చెప్తాను.