“నా చేతిలో ఆ కళ లేదు” అనే ముందు ఎడమ మలుపులు లెక్కపెట్టుకోండి

“వాడికి పుట్టుకతోనే వచ్చింది, మనకి ఇంతే.” ఆర్సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) విమానాలు ఎగరేసేవాళ్ల నోట ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. కొందరికి చురుకు ఎక్కువే, కాదనను. అది మొదటి నెలలో అక్కరకొస్తుంది. రెండేళ్లుగా ఒకేచోట ఆగిపోయినవాళ్ల ఫ్లైట్ చూడండి: టేకాఫ్, ఎడమవైపు రౌండ్లు, ఒక లూప్, ల్యాండింగ్. కుడి మలుపు ఊసే ఉండదు. ఇందులో కళ ఏం చేస్తుంది?

అసలు చిక్కు విమానం మనవైపు వస్తున్నప్పుడే. కుడి ఎడమలు తారుమారై, లెక్క వేసుకునేలోపు రెక్క ఇంకాస్త వాలుతుంది. ఏ రెక్క వాలితే రిమోట్‌లోని స్టిక్‌ని అటే తోయాలి, దాని కింద ఆసరా పెట్టినట్టు. ఈ చిట్కా అందరికీ తెలుసు, కానీ అది ఊతకర్రే. అది లేకుండా నడవాలంటే ఎదురుగా అడ్డంగా 8 అంకె వేయాలి, మలుపులన్నీ మనవైపే తిరిగేలా. ఎత్తు మారకూడదు, రెండు సున్నాలూ సమానంగా రావాలి. ఎత్తు పోతోందంటే మలుపులో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) చాలలేదు. సున్నా సాగిపోతోందంటే గాలి తోసేస్తోంది: గాలి వెనకనుంచి ఉన్నప్పుడు వంపు పెంచాలి, ఎదురైనప్పుడు తగ్గించాలి. వారానికి రెండు బ్యాటరీ ప్యాక్‌లు దీనికే పోనివ్వండి. విసుగే, తప్పదు.

మోడ్ 2 వాళ్లకైతే (ఎడమ స్టిక్‌తోనే మోటారు వేగం మార్చే థ్రాటిల్, ముక్కుని పక్కలకి తిప్పే రడ్డర్ రెండూ నడిపేవాళ్లు) ఎడమ బొటనవేలు థ్రాటిల్‌కే పుట్టిందని నమ్మకం. అడ్డగాలిలో దిగుతూ, వేగం తగ్గాక, అయిలరాన్‌తో (రెక్కల్ని వాల్చే, లేపే పలకలతో) సరిచేయబోతారు. అయిలరాన్ కిందికి దిగిన రెక్క స్టాలై (ఎత్తి పట్టే బలం పోయి) అటే కూలుతుంది. తప్పు గాలిది అంటారు! ప్రతి ఫ్లైట్‌లో ఒక్కసారైనా రన్‌వే మీద రెండు మీటర్ల ఎత్తున, రెక్కలు సమంగా ఉంచి, దిశని రడ్డర్‌తోనే పట్టి వెళ్లండి.

ఇక కొందరి చేతకానితనం నిజానికి విమానంలో ఉంటుంది. ట్రైనర్‌కి (నేర్చుకునే విమానానికి) సీజీ, అంటే బరువు తూగే చోటు, రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25–30 శాతం దగ్గర ఉండాలి. వెనక్కి జరిగితే విమానం చేతికి చిక్కదు. మరీ ముందుకుంటే దిగేటప్పుడు ఎలివేటర్ అంతా లాగినా ముక్కు లేవదు. తలకిందులుగా ఎగరేసి చూడండి: ఎత్తు నిలపడానికి స్టిక్‌ని బాగా ముందుకు తోయాల్సివస్తే ముక్కు బరువెక్కినట్టే. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన ఎంత మెత్తగా ఉండాలో చెప్పే రిమోట్ సెట్టింగ్) 30 శాతం పెట్టమన్నారని పెట్టేస్తారు, ప్లస్సా మైనస్సా చూడరు. ఫుటాబా రిమోట్‌లో మెత్తబడాలంటే మైనస్, స్పెక్ట్రమ్ రిమోట్‌లో ప్లస్. తిరగేసి పెడితే స్టిక్ మధ్యలోనే విమానం గంతులేస్తుంది.

సిమ్యులేటర్ రోజూ పావుగంట చాలు, గాలి ఆన్ చేసి. కూలగానే రీసెట్ నొక్కేవాళ్లకి అది వట్టి ఆట. చివరి రెండు సెకన్లలో ఏ స్టిక్ ఎటు తోశారో గుర్తుచేసుకున్నాకే నొక్కండి.

మైదానంలో ప్యాక్‌కి ఒక్క ల్యాండింగ్ చేస్తే ల్యాండింగ్ ఎప్పటికి వస్తుంది? టైమర్‌ని బ్యాటరీ 30 శాతం మిగిలేలా పెట్టుకుని, గాలి లేని ఉదయం ఒకే ప్యాక్‌లో ఎనిమిది టచ్ అండ్ గోలు (నేలని తాకి ఆగకుండా మళ్లీ లేవడం) చేయండి. ఎడమనుంచి నాలుగు, కుడినుంచి నాలుగు.