టెక్టైట్ గారూ, మీదే ఊరండీ?

మహారాజశ్రీ టెక్టైట్ గారికి,

శ్రీకాకుళం నుంచి రాయునది. ఉభయకుశలోపరి.

ఓడలో పనిచేసే మా బావ వియత్నాం నుంచి గాజురాయి అయిన మిమ్మల్ని తువ్వాల్లో చుట్టి తెచ్చిన రోజున మా అమ్మ అన్నది ఒకటే మాట: "ఏటిరా ఇది? మాడిపోయిన జీడిపిక్కలాగుంది!" పలాస పక్క పుట్టిన మనిషి, ఆవిడ తప్పేం లేదు. అదే నలుపు, అదే వంపు. ఒళ్లంతా బొటనవేలితో నొక్కినట్టు గుంటలు. బల్బుకు అడ్డం పెడితే మాత్రం పల్చటి అంచు దగ్గర బెల్లం పాకం రంగు.

మా జిల్లావాళ్లం ఏ ఊరెళ్లినా నోరు తెరిస్తే చాలు, "శ్రీకాకుళమా?" అంటారు. మీకు నోరు లేకపోయేసరికి ఎంత గొడవ! 1844లో డార్విన్ ఆస్ట్రేలియాలో దొరికిన మీ దాయాదిని చూసి అగ్నిపర్వతం విసిరిందన్నాడు. అది దొరికిన చోటికి వందల మైళ్ల దాకా అగ్నిపర్వతమే లేదు, ఆ మాటా ఆయనే రాశాడు. ఎవరో మోసుకొచ్చి ఉండొచ్చన్నాడు. మా బావలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట.

తర్వాత మిమ్మల్ని ఏకంగా చందమామకే అంటగట్టారు. నాసాలో చాప్‌మన్ గారు అక్కడి టైకో బిలమే మీ పుట్టిల్లన్నాడు, ఓకీఫ్ గారు చంద్రుడి అగ్నిపర్వతాలన్నాడు. 1969లో అపోలో వాళ్లు అక్కడి రాళ్లు తెచ్చి పక్కన పెడితే పోలికలు కలవలేదు. ఓకీఫ్ గారు మాత్రం చివరిదాకా మాట మార్చలేదు. ప్రతి పెళ్లి సంబంధంలోనూ అలాంటి పెదనాన్న ఒకడుంటాడు.

చివరికి మీలో బెరీలియం-10 దొరికింది. అది వానతోపాటు దిగి పైమట్టిలో పోగయ్యే సరుకు. అంటే మీరూ మట్టి మనుషులే. ఆకాశం నుంచి ఏదో వచ్చి గుద్దితే కరిగి, ఎగిరి, గాల్లోనే గడ్డకట్టారు. మీలో ఉన్న నీళ్లూ దాదాపు అన్నీ ఆవిరైపోయాయి.

మరి ఆ గుద్దిన చోట పడ్డ గుంటేదండీ? చెక్ దేశపు మీ చుట్టాలకు జర్మనీలో రీస్ బిలం ఉంది. ఐవరీ కోస్ట్ వాళ్లకు ఘనాలో బొసుంత్వి గుంట ఉంది, ఇప్పుడది చెరువు. మీరేమో సుమారు 7.9 లక్షల ఏళ్ల కిందట దక్షిణ చైనా నుంచి టాస్మేనియా దాకా చెల్లాచెదురయ్యారు, గుంట మాత్రం కనబడదు. లావోస్‌లో బొలవెన్ పీఠభూమి లావా కింద ఉందని 2020లో కొందరన్నారు. చెరువు పూడ్చి లేఅవుట్ వేసేసినట్టన్నమాట! కాదు, చైనా ఎడారిలో వెతకండని ఇంకొందరు.

మీ బాధ నాకు తెలుసు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఒడిశా బరంపురంలో చదివిన పాపానికి, ఒక ఆఫీసు కిటికీ ముందు నేను లోకల్ అని నిరూపించుకోవడానికి మూడు పూటలు నిలబడ్డాను. "పుట్టిన ఊరు కాదండీ, చదివిన ఊరు కావాలి" అన్నాడు లోపలాయన. ఆ లెక్కన మీ దరఖాస్తు ఎలా నింపాలి? కరిగింది ఒక చోట, గట్టిపడింది ఆకాశంలో, దొరికింది వియత్నాంలో, కాపురం మా ఇంట్లో, ఉప్పు డబ్బా పక్కన.

కవరు మీద రాయడానికి మీకు ఊరు లేదు. అందుకే ఈ కాగితం మడిచి మీ కిందే పెడుతున్నాను, ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా.

ఇట్లు,
ఒక నాన్ లోకల్ శ్రీకాకుళం వాడు