బఫర్ ద్రావణం వారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ బఫర్ ద్రావణం వారి సముఖానికి,

పర్లాకిమిడి నుంచి ఒక కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మా ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు మేం అందులోకి వెళ్లాం, వాళ్లు మద్రాసులోనే ఉండిపోయారు. పెళ్లిళ్లు, పేరంటాలు, అప్పులు మాత్రం ఇప్పటికీ రెండు వైపులా నడుస్తున్నాయి.

ముందు తమరి వైభవం చెప్పుకోవాలి. లీటరు మంచి నీళ్లలో, అదీ డిస్టిల్డ్ వాటర్‌లో, 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడిందంటే పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం) 7 నుంచి 2కి ఢమాల్న పడిపోతుంది. అసిటిక్ ఆమ్లం 0.1 మోల్, సోడియం అసిటేట్ 0.1 మోల్ కలిసిన తమరిలో అదే మోతాదు పోస్తే 4.76 కాస్తా 4.67 అవుతుంది, అంతే. పోనీ అంతే కాస్టిక్ సోడా పోద్దామా అంటే 4.85. ఆమ్లం వస్తే అసిటేట్‌ని ముందుకు తోస్తారు, క్షారం వస్తే అసిటిక్ ఆమ్లాన్ని తోస్తారు. తమరు మాత్రం కుర్చీ కదలరు.

ఈ విద్య తమరు ఆఫీసుల దగ్గర నేర్చుకున్నారా, ఆఫీసులే తమరి దగ్గర నేర్చుకున్నాయా అన్నది నా ధర్మసందేహం. మా స్టూడెంటొకడికి రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఇల్లు ఇక్కడ, పదో తరగతి అమ్మమ్మగారింట్లో ఉండి అవతల. ఇవతలి ఆఫీసులో "చదువు అక్కడే కదా బాబూ" అన్నారు. అవతలికెళ్తే "ఇల్లు అక్కడే కదా నాయనా" అన్నారు. వాడు ఒకసారి కోపంగా వెళ్లాడు, ఇంకోసారి బతిమాలుతూ వెళ్లాడు. ఆమ్లం పోసినా క్షారం పోసినా జవాబు ఒక్కటే: సోమవారం రా. రీడింగు రెండో దశాంశం దగ్గర కూడా కదల్లేదు.

కాకపోతే తమరికి ఒక హద్దుంది, ఆఫీసుకి లేదు. తమరిలో ఉన్న అసిటేట్ 0.1 మోలే కదా, నేను అంతకంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాననుకోండి, లవణం మొత్తం ఖర్చయిపోయి పీహెచ్ 2.7 దగ్గర కూలబడతారు. ఆ మీద పోసే ప్రతి చుక్కా సూటిగా తగులుతుంది. ఇంకో తమాషా, తమరిలో నీళ్లు కలిపితే పీహెచ్ పెద్దగా మారదు, లవణానికీ ఆమ్లానికీ ఉన్న నిష్పత్తి మారదు కాబట్టి. పస మాత్రం తగ్గిపోతుంది. చూడ్డానికి అదే రీడింగు, లోపల సరుకు లేదు. సిబ్బంది రిటైరైపోయినా బోర్డు వేలాడుతున్న ఆఫీసుల గురించి నేనేం అనడం లేదు.

హెండర్సన్ అనే శాస్త్రవేత్త 1908లో తమరి పీహెచ్ లెక్క కట్టాడు. 1916లో హాసెల్‌బాల్క్ అనే ఇంకో శాస్త్రవేత్త దానికి లాగరిథమ్ తొడిగాడు. ఇద్దరూ రక్తంలో ఆమ్లత్వం సంగతి తేల్చడం కోసం తంటాలు పడ్డారు. పుణ్యం వాళ్లది, లాగ్ టేబుళ్లు మా పిల్లలవి. బలవంతుల్ని తమరు గుమ్మం తొక్కనివ్వరన్న సంగతి కూడా పిల్లలకి ఎక్కదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఉప్పు కలిపితే బఫర్ ఎందుకు కాదు సార్ అని ఏటా ఒకరు అడుగుతారు. పూర్తిగా విడిపోయే ఆమ్లం దగ్గర దాచుకున్నదేం ఉండదు నాయనా, దాని క్లోరైడు వచ్చిన హైడ్రోజన్ అయాన్‌ని పట్టుకోదు అని ఏటా చెబుతాను.

అసలు ఫిర్యాదుకొస్తాను. తమరు నోరు విప్పి చెప్పరు. మా స్టోరులో సోడియం అసిటేట్ సీసా లేబులు సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో ట్రైహైడ్రేట్, అంటే స్ఫటికంలో నీళ్లు ఉన్నది, అన్న మాట లేదు. నీళ్లు లేని అసిటేట్ అయితే లీటరుకి 8.2 గ్రాములు చాలు, ట్రైహైడ్రేట్ అయితే 13.6 గ్రాములు కావాలి. పిల్లలు 8.2 తూచారు. తెల్లగా, ముద్దుగా, చప్పుడు లేకుండా కరిగిపోయారు తమరు. పీహెచ్ మీటరు 4.54 చూపించింది, అంటే సీసాలోది ట్రైహైడ్రేటే. రికార్డు పుస్తకాల్లో మాత్రం అందరికీ 4.76! తమరికంటే ఘనమైన బఫర్ ఏదైనా ఉందంటే అది ప్రాక్టికల్ రికార్డే.

మీటరు చూపించింది అన్నాను కానీ, ఆ మీటరు సంగతి మరీ విడ్డూరం. దాన్ని సరిచేయడానికి పీహెచ్ 4, 7, 9.2 అని బఫర్ టాబ్లెట్లు కరిగించాలి. అవీ తమరి బంధుజనమే. తమరి మీద విచారణ జరగాలంటే జడ్జిగారిని ముందుగా తమరి అన్నదమ్ములు తయారుచేయాలన్నమాట. పైగా ఆ టాబ్లెట్లు కరిగించే డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపు నుంచి వస్తుంది. అది ఎంత డిస్టిల్డో ఆ షాపాయనకే తెలియాలి.

కాబట్టి మనవి ఏమిటంటే, వచ్చే నెల ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు వస్తున్నారు. పిల్లలు బోర్ల నీళ్లు తెచ్చి ఈడీటీఏ అనే రసాయనంతో ఆ నీళ్ల కాఠిన్యం లెక్క కడతారు. దానికి తమరు అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడు రూపంలో పీహెచ్ 10 దగ్గర నిలబడాలి. తమరు జారితే చర్య పూర్తయిందని చెప్పే, ఎరుపు నుంచి నీలానికి మారే ఆ ఎండ్ పాయింటు మసకబారుతుంది, పిల్లాడు "ఇంకో చుక్క, ఇంకో చుక్క" అంటూ బ్యూరెట్టు ఖాళీ చేస్తాడు. ఆ ఒక్క పూటా నిలబడండి చాలు.

ఇట్లు,
తమరిని ఏటా కలిపి, ఏటా సింకులో పారబోసే విధేయుడు

తా.క.: అమ్మోనియా సీసా మూత వదులైంది. లేబులు మీదున్న గాఢత లోపల లేదని నా అనుమానం. కొత్త సీసాకి ఇండెంట్ పెట్టాను. సోమవారం రమ్మన్నారు.