క్యూబెక్ చెప్పే 'మేం'లో ఎవరెవరున్నారు?

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రావిన్సు క్యూబెక్. అది విడిపోవాలన్న మాట మళ్లీ మొదలైంది. 2022 ఎన్నికల్లో మూడంటే మూడు సీట్లకు పడిపోయి, ఇక దీని పని అయిపోయిందనిపించుకున్న వేర్పాటువాద పార్టీ క్యూబెక్వా (పీక్యూ) ఆ తర్వాత ఉపఎన్నికల్లో ఒక్కో సీటూ గెలుచుకుంటూ వచ్చింది. 2023లో జాన్ తలాన్, 2025లో తెర్బోన్, ఆర్తబాస్కా. 2026 అక్టోబర్‌లో జరగాల్సిన ఎన్నికల్లో అధికారం దక్కితే 2030లోగా స్వాతంత్ర్యంపై రెఫరెండం పెట్టి తీరతామని ఆ పార్టీ నాయకుడు పాల్ సెయింట్ పియర్ ప్లామోండన్ మాట ఇచ్చారు. పెడితే అది మూడోది అవుతుంది. 1980లో ఒకసారి, 1995లో మరోసారి అక్కడి జనం 'వద్దు' అన్నారు. మొదటిసారి ఆ 'వద్దు' దాదాపు అరవై శాతం. రెండోసారి ఎంత సన్నగా పలికిందో గుర్తున్నవాళ్లెవరూ ఇప్పటి ప్రకటనను తేలిగ్గా కొట్టిపారేయరు.

1995 అక్టోబర్ 30న ఓటర్లలో 93 శాతానికి పైగా బూత్‌లకు వచ్చారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ అసెంబ్లీ సార్వత్రిక ఎన్నికలోనూ రాష్ట్రం మొత్తం మీద అంత పోలింగ్ చూడలేదు. లెక్కింపు మొదలైన కొత్తలో తూర్పు ప్రాంతాల ఓట్లతో 'అవును' ముందుంది. మాంట్రియల్ పెట్టెలు తెరుచుకునేకొద్దీ ఆధిక్యం కరిగింది. చివరికి 'వద్దు' 50.58 శాతం, 'అవును' 49.42 శాతం. తేడా 54,288 ఓట్లు. చెల్లని ఓట్లు అంతకంటే ఎక్కువ, 86 వేల దాకా ఉన్నాయి. 'వద్దు' వైపు గట్టిగా మొగ్గిన షొమెడీ నియోజకవర్గంలో పోలైన ప్రతి వంద ఓట్లలో పదకొండుకు పైగా పక్కన పడేశారు. గుర్తు వంకరగా ఉందనో, మరీ ముదురుగా గీశారనో కొట్టేశారన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. ఒక దేశం ఉంటుందా విడిపోతుందా అన్నది పెన్సిల్ గీతల దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ రాత్రి ఓటమిని ఒప్పుకుంటూ నాటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జాక్ పారిజో మైకు ముందు అన్న మాటే ఆ ఉద్యమాన్ని ఇప్పటికీ వెంటాడుతోంది. మనల్ని ఓడించింది డబ్బు, వలసవర్గాల ఓట్లు అన్నారాయన. మర్నాడే రాజీనామా ప్రకటించారు. రాజీనామాతో ఆ మాట పోలేదు. అందులో 'మనం' అంటే ఎవరో అందరికీ అర్థమైంది. తరతరాలుగా అక్కడున్న ఫ్రెంచ్ సంతతి వాళ్లు మనం, గ్రీస్ నుంచో ఇటలీ నుంచో వియత్నాం నుంచో వచ్చి అక్కడే పన్నులు కడుతున్నవాళ్లు వేరే. స్వాతంత్ర్యం అడగడంలో తప్పు లేదు. ఆ స్వాతంత్ర్యం ఎవరి పేరున అడుగుతున్నారన్నదే ఇప్పటికీ తేలని లెక్క.

అసలు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఇదంతా ఉన్నవాళ్ల గోలలా కనిపిస్తుంది. 1759లో క్యూబెక్ నగరం బయట అబ్రహాం మైదానంలో ఫ్రెంచ్ సేన ఓడింది. 1763లో పారిస్ ఒప్పందంతో ఫ్రాన్స్ ఆ వలసను బ్రిటన్‌కు వదులుకుంది. అక్కడ మిగిలిపోయిన కొద్ది వేల ఫ్రెంచ్ కుటుంబాలు ఇంగ్లిష్ సముద్రం మధ్య చర్చినీ, పెద్ద కుటుంబాలనీ, భాషనీ పట్టుకుని నిలబడ్డాయి. 1839లో లార్డ్ డర్హమ్ నివేదిక వీళ్లను చరిత్రా సాహిత్యమూ లేని జనమని తేల్చి, ఇంగ్లిష్‌లో కలిపేయడమే మందని సలహా ఇచ్చింది. ఇంకో వందేళ్లు గడిచినా పెద్దగా మారింది లేదు. 1961 జనగణన లెక్కలు తీసుకుని ఒక రాయల్ కమిషన్ క్యూబెక్‌లో ఏ సంతతి వాళ్లు ఎంత సంపాదిస్తున్నారో చూసింది. జనాభాలో అత్యధికులైన ఫ్రెంచ్ వాళ్లు దాదాపు అట్టడుగున ఉన్నారు. వాళ్లకంటే కింద ఇటాలియన్లు, ఆదివాసులు మాత్రమే. సొంత నగరంలో ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌తో ఫ్రెంచ్‌లో మాట్లాడితే 'తెల్లోళ్ల భాషలో మాట్లాడు' అని గదమాయించే రోజులవి.

1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వం రావడంతో పెద్ద మార్పు మొదలైంది. బడులూ ఆస్పత్రులూ చర్చి చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి వచ్చాయి. 'మా ఇంటికి మేమే యజమానులం' అన్న నినాదంతో 1962లో ఎన్నికలకు వెళ్లి, గెలిచి, ప్రైవేటు కరెంటు కంపెనీలను హైడ్రో క్యూబెక్‌లో కలిపేశారు. ఆ పని దగ్గరుండి నడిపించిన మంత్రి రెనె లెవెక్. ఒకప్పుడు టీవీ జర్నలిస్టు, తర్వాత పీక్యూ వ్యవస్థాపకుడు. 1967లో ఫ్రెంచ్ అధ్యక్షుడు డిగాల్ మాంట్రియల్ సిటీహాల్ బాల్కనీ ఎక్కి 'స్వేచ్ఛా క్యూబెక్ వర్ధిల్లాలి' అని అరిచి వెళ్లారు. రెండు శతాబ్దాల కింద వదిలేసిన బంధువులు అప్పుడు గుర్తొచ్చారన్నమాట! 1970లో తీవ్రవాదులు పియర్ లాపోర్ట్ అనే మంత్రిని ఎత్తుకెళ్లి చంపినప్పుడు, రాజధాని ఒటావాలోని ఫెడరల్ ప్రభుత్వం సైన్యాన్ని దించినప్పుడు, లెవెక్ బ్యాలెట్ దారిని వదల్లేదు. 1976లో అధికారంలోకి వచ్చారు. క్యూబెక్ ఉద్యమానికి ఈ రోజు ప్రపంచంలో ఉన్న గౌరవంలో పెద్ద వాటా ఆ నిర్ణయానిదే.

ఆ గౌరవానికి తగ్గట్టు మిగతా కెనడా ప్రవర్తించిందా అంటే, లేదనే చెప్పాలి. 1981 నవంబర్‌లో రాజ్యాంగ చర్చలకు ఒటావా వెళ్లిన లెవెక్ రాత్రికి నది అవతల హల్‌లోని హోటల్‌లో పడుకున్నారు. తెల్లారి లేచి వచ్చేసరికి ఫెడరల్ ప్రభుత్వమూ మిగతా ప్రావిన్సులూ ఒప్పందం కుదుర్చుకుని కూర్చున్నాయి. 1982 ఏప్రిల్‌లో కెనడాకూ రాణి అయిన ఎలిజబెత్ ఆ రాజ్యాంగంపై సంతకం చేశారు. క్యూబెక్ ఇవాళ్టికీ చేయలేదు. దాన్ని సరిదిద్దడానికి క్యూబెక్‌ను 'విశిష్ట సమాజం'గా గుర్తిస్తామంటూ 1987లో మీచ్ లేక్ ఒప్పందం రాసుకున్నారు. మూడేళ్ల గడువులోగా అన్ని శాసనసభలూ ఆమోదించక అది మూలపడింది. మానిటోబా సభలో ఎలిజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు చేతిలో గద్ద ఈక పట్టుకుని రోజుల తరబడి 'ఒప్పుకోను' అంటూ దాన్ని అడ్డుకున్నారు. మా ఊసే లేకుండా ఈ దేశాన్ని ఎవరు పంచుకుంటున్నారన్నది ఆయన ప్రశ్న. ఒటావాలో గానీ క్యూబెక్‌లో గానీ ఆనాడు ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు.

రాష్ట్ర సభ కాదన్నదాన్ని కేంద్రం కానిచ్చేస్తే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తిరస్కరించిన విభజన బిల్లును మరుసటి నెలలోనే పార్లమెంటు ఆమోదించింది. విభజన సరైందా కాదా అన్నది ఇక్కడ మా చర్చ కాదు. దశాబ్దాల ఆకాంక్ష నెరవేరిందని ఒకరు, అడగకుండానే ఇల్లు పంచారని ఇంకొకరు నేటికీ అనుకుంటున్నారు. భాష ఒక్కటే జనాన్ని కలిపి ఉంచదని కూడా ఆ ఉద్యమమే చూపింది. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగంతో భాష పేరున వచ్చిన రాష్ట్రంలో నీళ్లు, నిధులు, నియామకాల దగ్గర తేడాలొచ్చాయి. కెనడాతో మనకు పెద్ద తేడా ఇంకోటుంది. 1963లో 16వ రాజ్యాంగ సవరణతో దేశ సార్వభౌమత్వాన్నీ సమగ్రతనూ కాపాడతానని ప్రమాణం చేయనిదే ఎన్నికల్లో నిలబడే వీలు లేకుండా చేసుకున్నాం. అక్కడ విడిపోవడమే ధ్యేయంగా పుట్టిన బ్లాక్ క్యూబెక్వా 1993లో 54 సీట్లతో కెనడా పార్లమెంటులో అధికారిక ప్రతిపక్షమైంది. ఆకాశం ఊడిపడలేదు.

అక్కడి సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన అభిప్రాయం ఇంకా ముచ్చటైంది. ఏకపక్షంగా విడిపోయే హక్కు క్యూబెక్‌కు లేదంది. అదే నోటితో, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చర్చలకు కూర్చోవాల్సిందే అని కూడా అంది. స్పష్టమైన ప్రశ్న అని ఎందుకు నొక్కి చెప్పాల్సి వచ్చిందంటే, 1995 బ్యాలెట్‌లో అడిగింది సూటిగా లేదు. కెనడాకు కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం ప్రతిపాదించిన తర్వాత, ఫలానా బిల్లు పరిధిలో, ఫలానా తేదీ ఒప్పందం ప్రకారం క్యూబెక్ సార్వభౌమం కావడానికి ఒప్పుకుంటారా అని అడిగారు. విడిపోయినా డాలరూ పాస్‌పోర్టూ ఎలాగూ ఉంటాయనుకుని 'అవును' కొట్టినవాళ్లు తక్కువేమీ కాదు. ఆ దేశపు పార్లమెంటు 2000లో ప్రశ్న స్పష్టతపై చట్టం చేసింది కానీ, ఎంత శాతం వస్తే స్పష్టమైన మెజారిటీయో అంకె వేయలేదు. ఇదీ మోసమే. రేపు 52 శాతం వస్తే ఒటావా ఏమంటుంది? ఫలితం వచ్చాక గీత గీస్తామంటే ఎవరు నమ్ముతారు?

భాష విషయంలో క్యూబెక్ పక్షాన మాట్లాడటానికి మాకు మొహమాటం లేదు. వలస పిల్లలకు ఫ్రెంచ్ బడిని తప్పనిసరి చేసిన 1977 నాటి 101వ చట్టం రాకముందు వలస వచ్చిన కుటుంబాల్లో ఎక్కువ మంది పిల్లల్ని ఇంగ్లిష్ బడికే పంపేవారు. ఇవాళ పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఫ్రెంచ్ బడిలో ఉన్నారు. ఉత్తర అమెరికాలో ముప్పై కోట్లకు పైగా ఇంగ్లిష్ జనం మధ్య తొంభై లక్షల జనాభా ఉన్న ప్రావిన్సు తన భాషను అలా కాపాడుకోగలిగింది. తెలుగు మీడియం సంగతి తలుచుకుంటే మనకు అసూయ కలగాలి. అయినా కంగారు తగ్గలేదు. ఇంట్లో ప్రధానంగా ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు 2016లో 79 శాతం ఉంటే 2021కి 77.5 శాతానికి తగ్గారు. ఆ కంగారులోనే 2017లో అక్కడి శాసనసభ దుకాణాల్లో 'బోంజూర్-హాయ్' అని పలకరించొద్దని, ఒట్టి 'బోంజూర్' చాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కౌంటర్ దగ్గర నిలబడ్డ పార్ట్‌టైమ్ కుర్రాడి పలకరింపు మీద శాసనసభ ఓటేయడం ఎంత గంభీరంగా చెప్పినా నవ్వు తెప్పిస్తుంది.

2019 నాటి 21వ చట్టం దగ్గర మాత్రం నవ్వు రాదు. టీచర్లు, పోలీసులు, ప్రభుత్వ లాయర్లు డ్యూటీలో మతచిహ్నాలు ధరించకూడదట. లౌకికత్వం పేరున తెచ్చినా దెబ్బ తగిలింది హిజాబ్ కట్టుకునే పంతులమ్మకూ, తలపాగా తీయని సిక్కుకూ. శాసనసభలో స్పీకర్ కుర్చీపైన 1936 నుంచి వేలాడుతున్న శిలువను అదే ఏడాది తీసేశారు. తీయడానికి ఎనభై మూడేళ్లు పట్టింది! మాంట్రియల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి పేపర్లో చదివి వదిలేసే కబుర్లు కావు. పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచ్, ఫోన్‌లో ఇంగ్లిష్ మాట్లాడుతుంది. 101వ చట్టం కోరుకున్నది సరిగ్గా అలాంటి పిల్లనే. తీరా పెద్దయి ఓటు వేసే రోజున ఆమెది 'మన ఓటు'గా లెక్కిస్తారా, పారిజో లెక్కలో వేస్తారా?

ఉత్తరాన ఉన్న క్రీ ఆదివాసుల దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 1995లో అసలు రెఫరెండానికి ఆరు రోజుల ముందు, అక్టోబర్ 24న వాళ్లు సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు. 'అవును' గెలిస్తే క్యూబెక్ ప్రభుత్వం క్రీలనూ వాళ్ల నేలనూ కెనడా నుంచి విడదీయడానికి ఒప్పుకుంటారా అన్నది ప్రశ్న. 96 శాతానికి పైగా కాదన్నారు. అక్కడి మరో ఆదివాసీ జనం ఇన్యుట్‌లూ అదే చెప్పారు. క్యూబెక్ గర్వంగా చెప్పుకునే జేమ్స్ బే జలవిద్యుత్ ప్రాజెక్టు ఉన్నది వాళ్ల నేల మీదే. డెబ్భైలలో వాళ్లను అడక్కుండానే డ్యాముల పని మొదలుపెడితే, కోర్టుకెక్కి 1975లో ఒప్పందం రాయించుకున్నారు. కెనడాను ముక్కలు చేయొచ్చు గానీ క్యూబెక్‌ను ముక్కలు చేయకూడదనే వాదన వాళ్ల ముందు నిలబడదు. జాతి అన్న మాటకు 1839లో డర్హమ్ కొలత తప్పయితే, క్రీల విషయంలో క్యూబెక్ పట్టుకున్న కొలత కూడా అంతే తప్పు.

2006లో కెనడా పార్లమెంటు 'ఐక్య కెనడాలో క్యూబెక్వాలు ఒక జాతి' అని 265-16 ఓట్లతో తీర్మానించింది. ఆ తీర్మానంతో రాజ్యాంగంలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. క్యూబెక్ విడిపోవాలని మేం కోరుకోవడం లేదు. అడిగే హక్కును మాత్రం కాదనలేం. పైగా పక్కనున్న అమెరికా అధ్యక్షుడు కెనడాను 51వ రాష్ట్రం చేసుకుంటానంటుంటే, పడమట ఆల్బర్టాలోనూ విడిపోదామన్న గొంతులు లేస్తుంటే, ఎన్నాళ్లో మూటగట్టి ఉంచిన ఈ లెక్కల్ని ఒటావా ఇప్పుడైనా విప్పక తప్పదు. 1995లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు బస్సులూ విమానాల్లో జనాన్ని మాంట్రియల్‌కు తరలించి 'మీరంటే మాకు ప్రేమ' అని జెండాలు ఊపితే సరిపోయింది. ఈసారీ ఆ మంత్రం పారుతుందా అంటే అనుమానమే. ప్లామోండన్‌కూ పని ఉంది. 2022లో రాజుకు విధేయత ప్రమాణం చేయనని మొండికేసి, సభ తలుపు దగ్గరే ఆపేసినా వెనక్కి తగ్గకుండా, వారం పది రోజుల్లో చట్టాన్నే మార్పించిన మనిషి ఆయన. అంత పట్టుదల ఉన్నాయన రెఫరెండంలో అడగబోయే వాక్యాన్ని ఎన్నికలకు ముందే అచ్చేసి జనం చేతిలో పెట్టాలి. దాని పక్కనే క్రీల నేల ఏ దేశంలో ఉంటుందో, అది తేల్చేది ఎవరో కూడా రాయాలి.