చేతిలో నిప్పు కొట్టిన ప్లగ్ ఇంజన్‌లో కొట్టాలని లేదు

"స్పార్క్ ప్లగ్ ఊడదీసి ఇంజన్‌కు ఆనించి కిక్కు కొట్టండి. నిప్పు కనిపిస్తే ప్లగ్ బాగున్నట్టే. నల్లబడితే ఉప్పుకాగితంతో రుద్దండి, స్టవ్ మీద ఎర్రగా కాల్చండి. గ్యాప్ కాస్త పెంచితే మైలేజీ పెరుగుతుంది. మెకానిక్‌లు డబ్బు కోసమే ప్లగ్ మార్చమంటారు." పాత బండ్లవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న మెసేజ్ ఇది. పది మందికీ పంపమన్న విన్నపం కూడా ఉంది కింద. సగం నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు నిప్పు సంగతి. ప్లగ్ పని ఇంజన్‌లో పెట్రోలును రవ్వతో అంటించడం. బయట గాలిలో ప్లగ్ రెండు కొనల మధ్య 0.7 మిల్లీమీటర్ల సందు దాటడానికి రవ్వకు దాదాపు 3 వేల వోల్టులు చాలు. సిలిండర్ లోపల అలా కుదరదు. పిస్టన్ పైకొచ్చేసరికి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సుమారు తొమ్మిదో వంతుకు నలిగి ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వ దూకడం కష్టమై, కావాల్సిన వోల్టేజీ 10 వేలు కూడా దాటుతుంది. అప్పుడు ప్లగ్ తెల్లటి పింగాణీలో సన్నటి పగులు ఉన్నా, మసి పేరుకున్నా కరెంటు ఆ అడ్డదారిన బాడీలోకి జారిపోతుంది. అందుకే షెడ్డులో టపటపా కొట్టిన ప్లగ్, వెనక మనిషిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేసరికి మిస్సింగ్ మొదలుపెడుతుంది. నిప్పు రాకపోతే ప్లగ్, దాని మీది క్యాప్, వోల్టేజీ పెంచే కాయిల్, రవ్వ ఎప్పుడు పడాలో చూసే సీడీఐ పెట్టె, వీటిలో ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది. వస్తే మాత్రం ప్లగ్ గురించి తేలేది చాలా తక్కువ.

బండి నడుస్తోంది కదా, ప్లగ్ బాగానే ఉండి ఉంటుందనే వాదన కూడా ఇలాంటిదే. 2003లో వచ్చిన పల్సర్ డీటీఎస్‌-ఐలో రెండు ప్లగ్‌లుంటాయి. ఒకటి చచ్చినా రెండోదాని మీద బండి లాక్కొస్తుంది, పికప్ తగ్గుతుందంతే.

ఎలాగూ ఆ నిప్పు పరీక్ష చేసేవాళ్లకు ఒక మాట. ప్లగ్ మెటల్ బాడీ ఇంజన్‌కు గట్టిగా ఆనాలి. క్యాప్‌ను గాల్లో వేలాడదీసి కిక్కు కొడితే ఆ వోల్టేజీకి పోయే దారి లేక కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా పెట్టండి, లోపలి నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. మల్టీమీటర్ ఉంటే పై కొనకూ బాడీకీ మధ్య చూడండి, రీడింగ్ అసలు రాకూడదు. వీటన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, సరైన నంబరు కొత్త ప్లగ్ బిగించి అదే దారిలో ఒక రౌండు కొట్టి రావడం.

ఉప్పుకాగితంతో రుద్దితే మసి పోతుంది, నిజమే. కానీ గరుకు రేణువులు పింగాణీ చుట్టూ ఉన్న లోతైన సందులో ఇరుక్కుంటాయి, పింగాణీ నునుపు పోయి మసి ఇంకా తొందరగా పడుతుంది. పైగా అరిగిన అంచులు రుద్దితే తిరిగి రావు. కొత్త ప్లగ్ నడిమి కడ్డీ (ఎలక్ట్రోడ్) కొనను భూతద్దంలో చూడండి, అంచు చాకులా పదునుగా ఉంటుంది. రవ్వ అక్కడి నుంచే తేలిగ్గా దూకుతుంది. పాతదాని కొన గుండ్రంగా అరిగి, సందు దానంతటదే పెరిగి ఉంటుంది. స్టవ్ మీద కాల్చడం మరీ ఘోరం. ఎర్రగా కాలిన ప్లగ్‌ను నీళ్లలో ముంచేవాళ్లూ ఉన్నారు, పింగాణీ పగలడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఇక గ్యాప్, అంటే ఆ రెండు కొనల మధ్య సందు. పెంచితే కావాల్సిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. పాత బండిలో కాయిల్, క్యాప్ అప్పటికే నీరసించి ఉంటాయి, పొద్దున్నే కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టడమే మిగులుతుంది. పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ లేనప్పుడు మెకానిక్‌లు హాక్సా బ్లేడు దూర్చి చూస్తారు. నవ్వకండి, దాని మందం దాదాపు అంతే ఉంటుంది.

మెకానిక్ డబ్బు కోసమే మార్చమంటాడన్న ఆరోపణకు నా దగ్గర పెద్ద జవాబు లేదు, ప్లగ్ ధర చూస్తే చాలు. మామూలు ప్లగ్‌ను 10, 12 వేల కిలోమీటర్లకు మార్చడం దుబారా కాదు. జాగ్రత్త పడాల్సింది నంబరు దగ్గర. వేడిని త్వరగా వదిలేసేది చల్లటి ప్లగ్, నిలుపుకునేది వేడి ప్లగ్. ఎన్‌జీకే కంపెనీలో నంబరు పెరిగితే ప్లగ్ చల్లన, బాష్ కంపెనీలో నంబరు పెరిగితే వేడి. బాష్ ప్లగ్‌ను మన షెడ్లలో ఇప్పటికీ మైకో అనే అంటారు. నంబర్లు పోల్చుకోకుండా ఒకదాని బదులు ఇంకోటి పెడితే పిస్టన్‌కే ముప్పు. మర పొడవు ఎక్కువైనా పిస్టన్ వచ్చి గుద్దుకోవచ్చు.

బిగించేటప్పుడు ఇంజన్ చల్లారాలి. ముందు వేళ్లతోనే మర చివరిదాకా ఎక్కించండి, అడ్డంగా ఎక్కితే అల్యూమినియం హెడ్ మర పోయినట్టే. కొత్త ప్లగ్ అయితే వాషర్ ఆనాక పానతో సుమారు సగం చుట్టు చాలు.

కొత్త ప్లగ్ కూడా వారంలోనే నల్లబడిందా? పొడి మసి అయితే ఎయిర్ ఫిల్టర్, చోక్, కార్బురేటర్ చూపించండి. ఫోర్ స్ట్రోక్ బండిలో జిడ్డుగా, తడిగా ఉంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగి ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నమాట. అప్పుడు ఇంకో ప్లగ్ కొన్నా ప్రయోజనం లేదు.