బండి ఇచ్చారు సరే, సరుకు?
పేద ఇంటికి ఒక కుట్టు మిషనో తోపుడు బండో ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. విజయవాడ కృష్ణలంకలో మా వీధి చివర ఇడ్లీలు అమ్మే అక్కకు బండి సాయంగానే వచ్చింది. రిబ్బను కట్టి ఫొటోలు కూడా తీశారు. మరి మినపప్పు, రవ్వ, గ్యాసు ఎవరిస్తారు? తెల్లవారుజామున 900 రూపాయలు అప్పు తెచ్చి, రాత్రికి 1,000 కట్టేది. అమ్ముడుపోయినా పోకపోయినా ఆ వంద పోవలసిందే. ముసురు పట్టిన రోజు పిండి పులిసిపోయేది, అప్పు మాత్రం తాజాగా ఉండేది. 2020లో మొదలైన పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం) కింద 10,000 రూపాయల అప్పు చేతికి అందాక గానీ ఆ రోజువారీ వడ్డీ పీడ వదలలేదు. అది సక్రమంగా తీర్చినందుకు రెండో విడత 20,000 ఇచ్చారు, దానితో గ్రైండరు కొన్నది. ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ రాయితీ తిరిగి ఖాతాలో పడుతుందన్న సంగతి ఆమెకు చాలాకాలం తెలియనే తెలియదు, చెప్పినవారు లేరు. కుట్టు మిషన్ల సంగతి వేరే చెప్పాలా? ఒకే వీధిలో పది మందికి ఇస్తే జాకెట్టు కూలి పడిపోక ఏమవుతుంది! ఇంకొకటి, బండి నిలుపుకునే చోటు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మా అక్కను మాత్రం రెండుసార్లు పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఉండగానే కదిలించారు.