ఒకే సెమిస్టర్‌లో మూడు నవలా కోర్సులా?

ఇంగ్లీష్ లిటరేచర్ డిగ్రీలో చేరినవాళ్లు కోర్సులు ఎంచుకునేటప్పుడు మొదట చూసేది టైం టేబుల్. పొద్దున్నే క్లాసు ఉందా, శుక్రవారం ఖాళీ దొరుకుతుందా, ఎన్ని క్రెడిట్లు, ఎవరు మార్కులు బాగా వేస్తారు. నేనూ అలాగే ఎంచుకున్నాను. రెండో ఏడాదిలో పద్దెనిమిదో శతాబ్దపు నవల, విక్టోరియన్ నవల, మోడర్నిజం (ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కథ చెప్పే తీరునే మార్చేసిన రచనలు), మూడూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకున్నాను. అన్నీ నవలలే, నవలలంటే నాకు ఇష్టమే, ఇక ఇబ్బందేముంది అనుకున్నాను. ఆరో వారానికల్లా ‘టామ్ జోన్స్’, ‘మిడిల్‌మార్చ్’, ‘యులిసీస్’ మూడూ బల్ల మీద సగంలో తెరిచి ఉన్నాయి, పాత్రల పేర్లు కలగాపులగం అయిపోయాయి, క్లాసులో నోరు విప్పితే ఏ పుస్తకం గురించి మాట్లాడుతున్నానో నాకే అనుమానం.

అందుకే ఈ డిగ్రీలో కోర్సులు ఎన్ని అని లెక్కపెట్టి లాభం లేదంటాను. చదవాల్సిన గంటలు లెక్కపెట్టాలి. ఒకసారి వేసి చూడండి. జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’లో దాదాపు 3 లక్షల మాటలున్నాయి. నిమిషానికి 200 మాటల చొప్పున, అంటే అర్థం చేసుకుంటూ అక్కడక్కడా పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ చదివితే, 1,500 నిమిషాలు, 25 గంటలు. సిలబస్‌లో దానికి రెండు వారాలు ఇచ్చారనుకుంటే రోజూ దాదాపు గంటా ముప్పావు, సెలవు రోజులతో సహా, అదీ ఒక్క కోర్సుకి. 1871–72లో మొదటిసారి అచ్చయినప్పుడు ఆ నవల 8 భాగాలుగా, సుమారు ఏడాది పాటు వచ్చింది. అప్పటి పాఠకులకు ఏడాది దొరికింది, మనకు పద్నాలుగు రోజులు. ఇక రిచర్డ్‌సన్ ‘క్లారిస్సా’ జోలికి వెళితే తొమ్మిది లక్షల మాటలు దాటుతుంది, దాన్ని పూర్తి పాఠంతో సిలబస్‌లో పెట్టే ధైర్యం ఉన్న ప్రొఫెసర్ దొరికితే ఆ సెమిస్టర్‌లో ఇంకేమీ పెట్టుకోకండి.

కవిత్వం లెక్క వేరు. షేక్‌స్పియర్ సానెట్ పద్నాలుగు లైన్లే, చదవడానికి నిమిషం చాలు, కానీ దాని మీద క్లాసులో రెండు మంచి ముక్కలు మాట్లాడాలంటే ఒక సాయంత్రం దానితో కూర్చోవాలి. తేడా ఏంటంటే ఆ సాయంత్రాన్ని ముక్కలు చేసుకోవచ్చు, నడుస్తూ కూడా ఆ లైన్లు నెమరేసుకోవచ్చు. నవలకి ఆ వెసులుబాటు లేదు, కూర్చుని పేజీలు తిప్పాల్సిందే. కాబట్టి ఒక సెమిస్టర్‌కి ఒక లావు నవలల కోర్సు, దాని పక్కన ఒక కవిత్వం, ఒక నాటకం, వీలైతే బయటి డిపార్ట్‌మెంట్ నుంచి చరిత్రో భాషాశాస్త్రమో, ఇలా కలుపుకుంటే ఊపిరి ఆడుతుంది. రిజిస్ట్రేషన్‌కి ముందే ప్రొఫెసర్లకి ఒక మెయిల్ పెట్టి పుస్తకాల జాబితా అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నిజానికి వాళ్లకి అది నచ్చుతుంది.

రెండో పొరపాటు పాత సాహిత్యాన్ని వాయిదా వేయడం. చాలా డిపార్ట్‌మెంట్లలో 1800కి ముందు కాలం నుంచి కొన్ని కోర్సులు తప్పనిసరి, విద్యార్థులేమో వాటిని చేదు మందులా చివరి ఏడాదికి తోసేస్తారు. అప్పటికి ఒకపక్క డిసర్టేషన్ (గైడ్ సాయంతో సొంతంగా రాసే పెద్ద పరిశోధన వ్యాసం), ఇంకోపక్క తర్వాత ఏం చేయాలన్న టెన్షన్, వాటి మధ్యలో మిల్టన్ ‘పారడైస్ లాస్ట్’. 10 వేల లైన్లకు పైగా ఉన్న కావ్యం అది, పైగా బైబిల్లో ఆదికాండం, వర్జిల్ ‘ఈనియడ్’ కొంచెమైనా తెలియకపోతే మిల్టన్ ఎక్కడ ఎవరితో పోటీ పడుతున్నాడో అంతుపట్టదు. ఇలాంటివి మొదటి రెండేళ్లలోనే పెట్టుకోవాలి. పాత భాషకి చెవి అలవాటు పడటానికి నెలలు పడుతుంది, మొదటి ఏడాది మార్కులు తుది ఫలితంలో కలపని చోట్లు కూడా ఉన్నాయి గనక అప్పుడు తప్పులు చేసినా పెద్దగా నష్టం లేదు. భయం కూడా సగం అనవసరం. షేక్‌స్పియర్‌ది ‘ఓల్డ్ ఇంగ్లీష్’ అని చాలామంది అంటుంటారు, కాదు. ఓల్డ్ ఇంగ్లీష్ అంటే వెయ్యేళ్ల నాటి కావ్యం ‘బేవుల్ఫ్’ భాష, దాన్ని నిజంగానే కొత్త భాషలా నేర్చుకోవాలి. పద్నాలుగో శతాబ్దం చివరి కవి ఛాసర్‌ని మాత్రం పక్కన అర్థాలు ఇచ్చిన ప్రతి పెట్టుకుని బిగ్గరగా చదివితే మూడు నాలుగు వారాల్లో దారికొస్తాడు.

పాతవి ముందు చదవమనడానికి ఇంకో కారణం ఉంది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. కొత్త పుస్తకాలు పాత పుస్తకాలతో తగాదా పడుతుంటాయి. జీన్ రీస్ 1966లో ప్రచురించిన ‘వైడ్ సర్గాసో సీ’ తన కథానాయికను షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ (1847)లో పిచ్చిదని భార్యను బంధించిన అటక మీది గదిలోంచి తెచ్చుకుంది. కుట్సీ ‘ఫో’ (1986) వెనక డీఫో 1719 నాటి ‘రాబిన్సన్ క్రూసో’ ఉంది. పోస్ట్‌కలోనియల్ (వలస పాలన, దాని పర్యవసానాల మీద వచ్చిన సాహిత్యం) కోర్సులో ఈ కొత్త నవలలు మాత్రమే చదివితే తగాదాలో ఒక పక్షం మాటే విన్నట్టు. అది కూడా బాగానే ఉంటుంది, కానీ ఎవరిని తిడుతున్నారో తెలిసి వింటే ఆ మజా వేరు.

అలాగని పాతదంతా పవిత్రమని నేననడం లేదు. సిలబస్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట ఇంగ్లీష్‌కి సొంతంగా డిగ్రీ పెట్టిందే 1894లో, అప్పుడు కూడా అందులో సాహిత్యం కన్నా పాత భాషల వ్యాకరణానిదే పెత్తనం. 1968లో నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో కెన్యా రచయిత గూగీ వా థియాంగో మరో ఇద్దరితో కలిసి అసలు ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌నే రద్దు చేసి ఆఫ్రికన్ సాహిత్యాన్ని మధ్యలో పెట్టాలని రాశారు. అంటే ఏది ముందు, ఏది వెనక, ఏది అసలు వద్దు అన్నది ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని తేల్చిన విషయమే. మీ డిగ్రీలో ఐచ్ఛిక కోర్సులున్నంత మేరకు ఆ తేల్చేవాళ్లలో మీరూ ఒకరు.

థియరీ, అంటే సాహిత్యాన్ని ఎలా చదవాలన్న సిద్ధాంతాల కోర్సు, ఎప్పుడు తీసుకోవాలన్న దాని మీద నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. మొదటి సెమిస్టర్‌లో వద్దు. ఏమీ చదవకుండా ఫూకో, డెరిడా లాంటి ఫ్రెంచ్ సిద్ధాంతకర్తల పేర్లు వల్లె వేసినవాళ్లు తర్వాత ఏ కవిత ఇచ్చినా అదే ముద్ర కొట్టేస్తారు, అధికారం, దేహం, అస్తిత్వం, అయిపోయింది వ్యాసం. మరీ చివరికి తోసేసినా దండగే, అప్పటికి దాన్ని వాడుకునే సమయం ఉండదు. పదీ పదిహేను పుస్తకాలు చదివి, ఇదేంటి ఇలా ఉంది అని చిరాకుపడిన తర్వాత, రెండో ఏడాది మధ్యలో తీసుకుంటే సరిపోతుంది. దానికి ముందు ఒక పేరా తీసుకుని మాట మాట పట్టి చూడటం నేర్పే కోర్సు ఏదుంటే అది తప్పక చేయండి, మిగతా అన్ని కోర్సుల్లోనూ రాసేది ఆ నైపుణ్యంతోనే.

ఇక డిసర్టేషన్. దీన్ని చివరి ఏడాది సంగతి అనుకునే చాలామంది దెబ్బతింటారు. కేటలాగ్‌లో కోర్సు పేరు ఉన్నంత మాత్రాన అది ప్రతి ఏడాదీ ఉండదు, ఏడాది విడిచి ఏడాది చెప్పేవి ఉంటాయి, చెప్పే ప్రొఫెసర్ సెలవు మీద వెళ్లిపోతారు. గోథిక్ (పాత కోటలు, దయ్యాలు, భయం నిండిన కథలు) మీద రాయాలని మీకు మనసులో ఉంటే గోథిక్ సెమినార్ వచ్చే ఏడాదా, ఈ ఏడాదా అన్నది ముందే ఆఫీసులో కనుక్కోండి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు. చివరి నుంచి వెనక్కి లెక్కేసుకోవడం మేలు: ఏ అంశం మీద రాయొచ్చు, దానికి గైడ్‌గా ఎవరుండగలరు, వాళ్ల క్లాసులో నేను ముందుగా ఒక్కసారైనా కూర్చున్నానా. మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి దగ్గరికి చివరి ఏడాదిలో వెళ్లి గైడ్ చేయమని అడగడం ఎంత ఇబ్బందో చేసినవాళ్లకే తెలుస్తుంది (నేను చేశాను, ఆయన ఒప్పుకున్నారు గానీ నా పేరు గుర్తుపెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది).

పైచదువు ఆలోచన ఉంటే ఇంకో భాష కూడా ఈ లెక్కలోకి రావాలి. పరిశోధన డిగ్రీల్లో చాలా చోట్ల ఇంగ్లీష్ కాక మరో భాష చదివి అర్థం చేసుకోగలగాలని అడుగుతారు, అది ఒక్క వేసవిలో వచ్చే విద్య కాదు.

నా మూడు నవలా కోర్సుల సెమిస్టర్ ఏమైందంటే, ఏడో వారంలో మోడర్నిజం వదిలేశాను. ‘యులిసీస్’లోని 18 అధ్యాయాల్లో అప్పటికి ఐదు అయ్యాయి. మిగతా పదమూడు ఆ తర్వాతి సెలవుల్లో, ఏ గడువూ లేకుండా, రోజుకు కాసిన్ని పేజీల చొప్పున పూర్తి చేసి, మరుసటి ఏడాది అదే కోర్సులో మళ్లీ చేరాను, ఈసారి పక్కన రెండు కవిత్వం కోర్సులు పెట్టుకుని.